నాలుగు ఛానెళ్ల ఆంప్ మీద కాంపొనెంట్ స్పీకర్లు, సబ్ వూఫర్: ఏళ్లు వాడాక నా సమీక్ష

కారులో స్పీకర్లు మార్చినా సౌండ్ పెద్దగా మారలేదని చాలామంది అంటుంటారు. మారదు మరి, ఎందుకంటే డాష్‌బోర్డులోని స్టీరియో మీద 50×4 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా అది నికరంగా ఇచ్చేది ఛానెల్‌కి సుమారు 15 నుంచి 22 వాట్లే. ఆ 50 అనేది పీక్ లెక్క, అంటే క్షణంపాటు తాకే గరిష్ఠం. స్పీకర్ కొన్నా, దానికి పవర్ ఇచ్చే ఆంప్ (యాంప్లిఫయర్) కొన్నా ఆర్ఎంఎస్ అంకె, అంటే ఆగకుండా ఇవ్వగల లేదా తట్టుకోగల వాట్లు, ఒక్కటే చూడండి, మిగతాదంతా పెట్టె మీద అలంకారం.

నా సెటప్ చెప్తాను. క్లాస్ డి (తక్కువ వేడెక్కే రకం) నాలుగు ఛానెళ్ల ఆంప్, 4 ఓమ్‌ల (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) దగ్గర ఛానెల్‌కి 75 వాట్లు ఆర్ఎంఎస్. మొదటి రెండు ఛానెళ్ల మీద ముందు డోర్లలోని 70 వాట్ల కాంపొనెంట్ స్పీకర్లు (సన్నటి స్వరాల ట్వీటర్ విడిగా ఉండేవి), మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే కలిపి ఒకే ఛానెల్‌లా వాడి, డిక్కీలో లోతైన బేస్ కోసం 10 అంగుళాల సబ్ వూఫర్. వెనక డోర్ల స్పీకర్లు స్టీరియో మీదే ఉన్నాయి, వాటికి అంతకు మించి అక్కర్లేదు.

70 వాట్ల స్పీకర్‌కి 75 వాట్ల ఆంప్ అంటే కాలిపోదా అని అడుగుతారు. ఇన్నేళ్లుగా ఒక్క ట్వీటర్ కూడా పోలేదు. నిజానికి భయపడాల్సింది చిన్న ఆంప్‌ని దాని శక్తికి మించి తోలినప్పుడు. అప్పుడు సిగ్నల్ అలల తలలు తెగిపోయి, అదే క్లిప్పింగ్, ఆ తెగిన అంచుల్లోంచి పుట్టే అనవసరపు హై ఫ్రీక్వెన్సీ అంతా నేరుగా ట్వీటర్ మీద పడుతుంది, సగటు పవర్ కూడా పెరుగుతుంది, సన్నటి కాయిల్ కాస్తా మాడిపోతుంది. అందుకే స్పీకర్ ఆర్ఎంఎస్‌కి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉన్న ఆంప్ తీసుకుని, గెయిన్ ఒద్దికగా పెట్టుకోవడమే మంచిదని నా అనుభవం.

గెయిన్ దగ్గరే అసలు కథ ఉంది, అందరూ దాన్ని వాల్యూమ్ అనుకుంటారు. అది స్టీరియో పంపే సిగ్నల్ ఎంత ఉంటే ఆంప్ పూర్తి పవర్ ఇవ్వాలో చెప్పే నాబ్, అంతే. నేను చెవితో కాకుండా మల్టీమీటర్‌తో పెట్టాను: ఆంప్ నుంచి స్పీకర్ వైర్లు తీసేసి, బేస్, ట్రెబుల్ అన్నీ సున్నా చేసి, స్టీరియో వాల్యూమ్ మూడొంతులు పెంచి, 1000 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, అవుట్‌పుట్ మీద ఏసీ వోల్టేజ్ చూశాను. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే కావాల్సిన వోల్టేజ్ వస్తుంది. 75 వాట్లు, 4 ఓమ్‌లు, అంటే 17.3 వోల్టులు. సబ్ వైపు 50 హెర్ట్జ్ టోన్‌తో, 200 వాట్లకి 28.3. నాబ్‌ని చాలా మెల్లగా తిప్పాలి, వెంట్రుకవాసి కదిలినా రెండు వోల్టులు ఎగిరిపోతాయి. ఆ రోజు పెట్టిన గెయిన్‌ని మళ్లీ ముట్టుకోలేదు.

ముందు డోర్లకి హై పాస్ ఫిల్టర్ (కింది స్వరాల్ని ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను, లోతైన బేస్ సబ్ చూసుకుంటుంది, డోర్ ప్యానెల్ గిలగిల కొట్టుకోదు. ఇది పెట్టాక వచ్చిన తేడా వాట్లు పెంచితే వచ్చే తేడా కన్నా ఎక్కువ అంటాను. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే మరి! 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాట్‌కి ఎంత మోత ఇస్తుందో చెప్పే అంకె) ఉన్న స్పీకర్‌కి 100 వాట్లు పోసినా, 90 ఉన్నదానికి 50 పోసినా మోత దాదాపు ఒకటే. కొనేటప్పుడు ఈ అంకె ఎవరూ చదవరెందుకో.

బ్రిడ్జ్ చేసేవాళ్లు ఓమ్‌లు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానెల్‌కి సబ్ ఓమ్‌లలో సగమే కనపడుతుంది, అంటే నా 4 ఓమ్‌ల సబ్ వాటికి 2 ఓమ్‌లు. నాలుగు ఛానెళ్ల ఆంప్‌లలో చాలావాటికి అదే హద్దు. రెండు కాయిళ్ల సబ్ అయితే 2+2 ఓమ్‌లది తీసుకుని సిరీస్‌లో కలపాలి, 4 వస్తుంది. ప్యారలల్‌లో కలిపితే 1 ఓమ్, ఆంప్ వెంటనే ప్రొటెక్షన్‌లోకి వెళ్లి తనంతట తానే ఆగిపోతుంది.

పెట్టె మీది వాట్లు నిజమో కాదో తేల్చడానికి ఆంప్ మీది ఫ్యూజ్ చాలు. 30 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి 1600 వాట్లు అని రాశారనుకోండి, 30ని 14.4 వోల్టులతో గుణిస్తే లోపలికి వెళ్లేదే 432 వాట్లు. అందులో కొంత వేడిగా పోతుంది కూడా. ఇంక 1600 ఎక్కడి నుంచి వస్తాయి?

నచ్చనివీ ఉన్నాయి. ఇంజిన్ ఆపి కూర్చుంటే ట్వీటర్లలో సన్నగా బుస వినిపిస్తుంది, బండి కదిలితే వినపడదు. ఫిల్టర్ నాబ్ చుట్టూ ఉన్న అంకెలు నమ్మదగ్గవి కావు. కొత్తలో ఇంజిన్ స్పీడ్‌తో పాటు పెరిగే కూత ఒకటి ఉండేది, ఎర్త్ వైర్‌ని పెయింట్ మీదే బిగించి వదిలేశారు, అక్కడ రేకు మెరిసేదాకా గీకి మళ్లీ బిగించాక పోయింది. టెర్మినల్ స్క్రూలు కుదుపులకి వదులవుతాయి కాబట్టి అప్పుడప్పుడు ఒక చుట్టు బిగిస్తుంటాను. ఆంప్‌ని సీటు కింద పెట్టినా వేడికి ఆగిపోయిన సందర్భం లేదు, క్లాస్ డి కావడం వల్లే. బ్యాటరీ నుంచి 4 గేజ్ అచ్చమైన రాగి వైర్ వేయించాను, అల్యూమినియం మీద రాగి పూత పూసినది వద్దన్నాను. మెయిన్ ఫ్యూజ్ మాత్రం బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది ఆంప్‌ని కాదు, బండి పొడవునా వెళ్లే ఆ వైర్‌ని.