సెలవుల సీసాల కోసం రియోహాలో ఐదు రోజులు

శీతాకాలపు సెలవుల్లో అందరూ ఒకే బల్ల చుట్టూ చేరి రెండు మూడు గంటలు తీరిగ్గా భోంచేసే రోజులకు రెడ్ వైన్ కావాలంటే, అది సీసాలో కొన్నేళ్లు మాగినదై ఉండాలని నా గట్టి నమ్మకం. కొత్త వైన్‌లో పళ్ల వాసన, నాలుకను పట్టేసే వగరు ముందు నిలుస్తాయి. మాగిన వైన్‌లో ఆ వగరు మెత్తబడి, ఎండిన అంజీర, తోలు, పొగాకు, వానకు తడిసిన ఆకుల వాసనలు ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. అయితే అలాంటి సీసా దొరకడం అంత సులువు కాదు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో పేరున్న తయారీదారులు చాలామంది వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే అమ్మేస్తారు కాబట్టి, దాన్ని పదేళ్లు దాచే భారం కొన్నవారి మీదే పడుతుంది. ఇటలీలోని బరోలో వైన్‌ను కనీసం 38 నెలలు మాగబెట్టాలని చట్టం ఉన్నా, ఆ గడువు తీరి బజారుకు వచ్చిన సీసా చాలాసార్లు ఇంకా కొన్నేళ్ల ఓపిక అడుగుతుంది. స్పెయిన్‌లోని రియోహాలో మాత్రం మాగబెట్టే పనిని తయారీదారే తన నేలమాళిగలో పూర్తి చేసి, తాగడానికి సిద్ధమైన సీసాను చేతికిస్తాడు. అందుకే పన్నెండు సీసాలు ఎంచుకుని తెచ్చుకుందామని డిసెంబరు మొదటి వారంలో మేమిద్దరం రియోహాకు బయలుదేరాం.

తేదీల విషయంలో మేము చేసిన పొరపాటు ముందే చెప్పాలి. స్పెయిన్‌లో డిసెంబరు 6 రాజ్యాంగ దినం, 8 మేరీమాత పండుగ. ఈ రెండింటినీ కలిపి జనం వరుసగా సెలవు పెట్టుకుంటారు. ఆ రోజుల్లో గదుల అద్దె పెరగడమే కాక, నేలమాళిగల సందర్శనకు ముందుగా చోటు ఖాయం చేసుకోని వాళ్లకు చాలాచోట్ల తలుపు తెరుచుకోలేదు. నవంబరు చివరి వారంలో వెళ్లి ఉంటే ఊరంతా మాదే అయ్యేది.

బిల్బావో నుంచి బస్సులో సుమారు గంట ప్రయాణం చేసి, చీకటి పడే వేళకు హారో చేరుకున్నాం. ‘అవిగో దీపాలు, హారో వచ్చేసింది’ అని అక్కడి వాళ్లు చెప్పుకునే మాట ఒకటుంది. 1890లోనే ఈ చిన్న ఊరి వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. అంత డబ్బు ఈ ఊరికి రావడానికి కారణం వైనే. ఫ్రాన్స్ ద్రాక్షతోటలను ఫిలోక్సెరా అనే పురుగు నాశనం చేసినప్పుడు బోర్డో వ్యాపారులు సరుకు కోసం ఇటు వచ్చారు. 1863లో వచ్చిన రైలు మార్గం పీపాలను బిల్బావో రేవుకు చేర్చింది. ఆ రైలు స్టేషన్‌ను ఆనుకుని లోపెస్ దె ఎరేదియా 1877లో, కూనే 1879లో, లా రియోహా ఆల్టా 1890లో అనే వైన్ సంస్థలు వెలిశాయి. ఇప్పటికీ ఈ సంస్థలన్నీ ఒకదాని నుంచి మరొకదానికి నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉన్నాయి. కారు అద్దెకు తీసుకోవాల్సిన అవసరం లేదు. రుచి చూశాక బండి నడపకూడదు కూడా కాబట్టి, బసకు హారోను మించిన ఊరు లేదని నా అభిప్రాయం.

మొదటి మూడు రాత్రులు హారో పాత ఊళ్లో మందపాటి రాతి గోడలున్న ఒక హోటల్లో దిగాం. గది ప్రశాంతంగా ఉంది, ఉదయం ఫలహారం బాగుంది. కాని హీటర్‌ను సరిగ్గా అలమరా పక్కనే బిగించారు. మొదటి రోజు కొన్న రెండు సీసాలను అందులో పెట్టి, సాయంత్రం వచ్చి ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలాయి. మాగిన వైన్‌కు వేడికన్నా పెద్ద శత్రువు లేదు. 12, 13 డిగ్రీల చల్లదనంలో ఏళ్ల తరబడి నిద్రపోయిన సీసాను ఒక్క వారం వేడి గదిలో ఉంచినా దాని సువాసన దెబ్బతినవచ్చు. హోటల్ ఉద్యోగిని అడగ్గానే సీసాలను కింది గదిలో పెట్టించి, ఒక్కోదానికి గది నంబరు చీటీ కట్టింది. ఆ శ్రద్ధకే నేను ఆ హోటల్‌ను మళ్లీ ఎంచుకుంటాను. చివరి రెండు రాత్రులు కోటగోడల మధ్య ఉన్న లాగ్వార్దియా ఊళ్లో గడిపాం. ఊరి కింద అంతా సొరంగాల్లాంటి నేలమాళిగలు కాబట్టి బరువైన వాహనాలను లోపలికి రానివ్వరు. చూడటానికి హారో కన్నా అందమైన ఊరే గాని, సీసాలు కొనడానికి వచ్చినవారికి అక్కడి నుంచి ప్రతిదీ దూరమే. ఎల్సియేగో అనే ఊళ్లో వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ రూపొందించిన హోటల్‌ను దారిలో బయటి నుంచే చూశాం.

రియోహా సీసా కొనే ముందు దాని వెనకవైపు అంటించిన చీటీ రంగు చూడాలి. ఎరుపు ఉంటే క్రియాన్సా, అంటే రెండేళ్లు మాగింది, అందులో కనీసం ఒక ఏడాది పీపాలో. ముదురు ఎరుపు ఉంటే రెసెర్వా, మూడేళ్లది. నీలం ఉంటే గ్రాన్ రెసెర్వా, మొత్తం ఐదేళ్లు మాగింది, అందులో రెండేళ్లు పీపాలో, మరో రెండేళ్లు తప్పనిసరిగా సీసాలో. ఇవన్నీ చట్టం పెట్టిన కనీస గడువులు మాత్రమే. పాత పద్ధతిని పట్టుకున్న ఇళ్లు, అంటే వైన్ తయారీ సంస్థలు, ఇంతకన్నా చాలా ఎక్కువ కాలం ఆపుతాయి. లోపెస్ దె ఎరేదియా వారి వీన్యా తొందోనియా రెసెర్వా పంట కోసి పదేళ్లు దాటాక గాని బజారుకు రాదు. కాబట్టి రెసెర్వా అన్న మాట ఒక్కటే చూసి రెండు ఇళ్ల సీసాలను ఒకే తూకంలో వేయకూడదు.

లోపెస్ దె ఎరేదియా నేలమాళిగ గురించి కొంచెం ఎక్కువే రాయాలి. గోడల మీదా, దొంతరలుగా పేర్చిన సీసాల మీదా సాలెగూళ్లు దుప్పట్లలా పరుచుకుని ఉంటాయి. బిరడాలను తినే పురుగులను సాలీళ్లు పట్టేస్తాయి కాబట్టి వాటిని ఎవరూ దులపరు. పీపాలను తమ వడ్రంగులే చేసుకుంటారు. బయట వాస్తుశిల్పి జహా హదీద్ రూపొందించిన అంగడి మెరుస్తూ ఉంటే, లోపల కాలం కదలనట్టే ఉంటుంది. కూనేలో ఐఫిల్ టవర్ కట్టిన ఐఫిల్ కార్యాలయం వారు మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా కట్టిన పీపాల శాల ఉంది. ముగా అనే మరో ఇంట్లో వైన్‌ను కోడిగుడ్డు తెల్లసొనతో తేటపరిచే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఈ మూడింటినీ సొంతంగా, ఒక్కో పూటకు ఒకటి చొప్పున చూడటమే మేలు. మేము ఒక రోజు రియోహా రాజధాని లోగ్రోన్యో నుంచి మినీబస్సు యాత్ర తీసుకుని పశ్చాత్తాపపడ్డాం. ఆరు గంటల్లో మూడు చోట్లకు తిప్పారు, ప్రతిచోటా క్రియాన్సా మాత్రమే పోశారు, పాత సీసాల గురించి అడిగితే సమయం లేదన్నారు.

పాత సంవత్సరాల సీసాలు కొనేటప్పుడు ఏం చూడాలో లోగ్రోన్యోలోని ఒక పాత దుకాణదారు చేసి చూపించాడు. ఒకే ఇంటి 2001 గ్రాన్ రెసెర్వా సీసాలు రెండు తెచ్చి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఒకదానిలో వైన్ మెడ వరకు నిండి ఉంది. రెండోదానిలో భుజం దాకా దిగిపోయింది. బిరడా బలహీనపడి గాలి లోపలికి పోయిందనడానికి అది గుర్తు. ధర ఒకటే అయినా రెండోదాన్ని నాకు అమ్మనని తనే పక్కన పెట్టేశాడు. తర్వాత సీసాను కొద్దిగా వంచి అంచున రంగు చూడమన్నాడు. అంచున ఇటుక రంగు, నడుమ ఇంకా కెంపు రంగు ఉంటే తాగడానికి మంచి అదను, మొత్తం గోధుమ రంగుకు తిరిగితే ఆలస్యమైనట్టే. అదే వీధిలో మరో దుకాణంలో ఖరీదైన సీసాలను గాజు అద్దాల వెనక, వేడి దీపాల కింద నిలువుగా పేర్చి ఉంచారు. నిలబెట్టి ఉంచితే బిరడా ఎండిపోతుంది. అక్కడ ధర తక్కువైనా ఏమీ కొనలేదు.

సంవత్సరాల్లో 2001, 2004, 2005, 2010, 2011 పంటలను రియోహా నియంత్రణ మండలి అత్యుత్తమ శ్రేణిలో పెట్టింది. 2001 ఇప్పుడు నిండుగా మాగి ఉంది, 2010, 2011 సీసాలు సెలవుల్లో తాగడానికీ, ఇంకా కొన్నేళ్లు దాచుకోవడానికీ పనికొస్తాయి. చివరికి మా పన్నెండులో నాలుగు తొందోనియా, నాలుగు లా రియోహా ఆల్టా వారి 904 అనే గ్రాన్ రెసెర్వా, రెండు కూనే ఇంపీరియల్ గ్రాన్ రెసెర్వా, రెండు ఆ దుకాణదారు ఎంచి ఇచ్చిన 2001.

ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద కాల్చిన గొర్రెపిల్ల మాంసపు ముక్కలతో హారోలో ఒక చిన్న భోజనశాలలో పాత రెసెర్వా తెప్పించుకున్నాం. వడ్డించే ఆమె స్క్రూ వాడలేదు. రెండు పలుచని పలకలున్న పనిముట్టును బిరడాకు అటూ ఇటూ దింపి, మెల్లగా తిప్పుతూ ఆ పాత బిరడాను విరగకుండా పైకి తీసింది. తర్వాత కొవ్వొత్తి వెలుగులో సీసా మెడను చూస్తూ వైన్ వంచి, మడ్డి మెడ దగ్గరికి రాగానే చేయి ఆపింది. సీసాలో మిగిలినది రెండు చెంచాలే. ఆ పనిముట్టు ఎక్కడ దొరుకుతుందో ఆమెనే అడిగి, మరుసటి ఉదయం ఒకటి కొన్నాను.

సీసాలను ఇంటికి పంపించే సేవను చాలా నేలమాళిగలు ఇస్తున్నా, సెలవుల ముందు రోజుల్లో పెట్టెలు గోదాముల్లో ఎన్నాళ్లు ఉంటాయో తెలియదు కాబట్టి మేము గడ్డి కూరిన అట్టపెట్టెల్లో మాతోనే తెచ్చుకున్నాం. ప్రయాణపు కుదుపులకు లోపలి మడ్డి కదిలిపోతుంది కనుక రెండు వారాలు చల్లని చీకటి గదిలో పడుకోబెట్టాం. డిసెంబరు 22 సాయంత్రం 2001 సీసాలు రెంటినీ నిలబెట్టాను. ఇరవైనాలుగో తేదీ భోజనానికి మడ్డి అడుగున కూర్చుంటుంది.