గ్యారేజ్ డోర్ దానంతటదే తెరుచుకుంటోందా? లాక్ బటన్, ప్లగ్, టైమర్: ఏది మేలు?

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో రాత్రిపూట వచ్చే మెసేజ్ ఒకటుంది: "ఫలానా నంబరు ఇంటివాళ్ల గ్యారేజ్ డోర్ బార్లా తెరిచుంది, ఎవరైనా చెప్పండి." ఇంటివాళ్లేమో మేం తెరవలేదంటారు. నిజమే, కావాలని ఎవరూ తెరిచి ఉండరు. తాళాల గుత్తికున్న చిన్న రిమోట్ జేబులో నొక్కుకుపోయి ఉంటుంది, లేదా కారులో పిల్లాడు దాంతో ఆడుకుని ఉంటాడు. గ్యారేజ్‌లోని సోనా మసూరి బస్తాలూ రెండో ఫ్రిజ్జూ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. అసలు టెన్షన్ అక్కణ్నుంచి ఇంట్లోకి వెళ్లే తలుపు గురించి. చాలా ఇళ్లలో దానికి తాళం వేసే అలవాటే ఉండదు.

ఏ ఉపాయం మేలో తేల్చేముందు, తెరుస్తున్నదేమిటో కనిపెట్టాలి. రిమోట్లన్నిటి బ్యాటరీలు తీసేసి రెండు రోజులు చూడండి. అప్పటికీ తెరుచుకుంటుంటే గోడ బటన్ నుంచి మోటార్‌కి వెళ్లే సన్నటి వైర్లను అనుమానించాలి. వైర్ మీద స్టేపుల్ గట్టిగా దిగినా, బటన్ ఇరుక్కుపోయినా మోటార్‌కి ఎవరో నొక్కినట్టే అనిపిస్తుంది. అలాంటప్పుడు కింద చెప్పే ఏ ఉపాయమూ సరిగా పనిచేయదు. వైర్ మార్చాల్సిందే.

పాత ఇల్లు కొన్నవాళ్లు చేయాల్సిన పని ఇంకోటుంది. ముందున్న ఓనర్ దగ్గరో, ఆయన పనివాళ్ల దగ్గరో మిగిలిపోయిన రిమోట్ ఇప్పటికీ మీ తలుపు తెరుస్తుంది. లిఫ్ట్‌మాస్టర్, చేంబర్లేన్ మోటార్లకు లెర్న్ అనే బటన్ ఉంటుంది. దాని పక్కనున్న చిన్న లైటు ఆరిపోయేదాకా, సుమారు 6 సెకన్లు, నొక్కిపట్టుకుంటే పాత రిమోట్లన్నీ చెరిగిపోతాయి. తర్వాత మీవి ఒక్కొక్కటిగా మళ్లీ కలుపుకోవాలి. కారులోనే అమర్చి ఉండే గ్యారేజ్ రిమోట్ బటన్ (హోమ్‌లింక్ అంటారు) కూడా పనిచేయదు, దాన్నీ మళ్లీ కలుపుకోవడం మర్చిపోకండి.

ఇక పోలిక. నా ఓటు లాక్ బటన్‌కే. లోపల గోడకుండే ప్యానెల్ మీద లాక్ అని రాసి ఉన్నదాన్ని రెండు మూడు సెకన్లు నొక్కిపడితే ప్యానెల్ లైటు మినుకుమినుకుమంటుంది. ఇక రిమోట్లు ఎంత నొక్కినా మోటార్ పలకదు. గోడమీది పెద్ద బటన్ మాత్రం మామూలుగానే పనిచేస్తుంది. జీనీ అనే ఇంకో కంపెనీ వాళ్లు దీన్నే వెకేషన్ లాక్ అంటారు. పైసా ఖర్చు లేదు. కాలింగ్ బెల్‌లాంటి ఒంటి బటన్ మాత్రమే ఉన్నవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు. వాళ్లు తమ మోటార్‌కి సరిపడే ప్యానెల్ కొని పెట్టుకోవచ్చు.

చిక్కల్లా మరుసటి రోజు పొద్దునే. లాక్ తీయడం మర్చిపోయి గోడ బటన్‌తో తలుపు తెరిచి కారు బయటికి తీస్తారు. వీధిలోకొచ్చి రిమోట్ నొక్కితే తలుపు పడదు. ఆఫీసుకి లేటవుతుంటే మళ్లీ దిగి లోపలికెళ్లాలి. ఇండియా ట్రిప్పులో ఇంకో రకం ఇబ్బంది. లాక్ వేసి ముందు తలుపులోంచి వెళ్తారు బాగానే ఉంది. రోజూ గ్యారేజ్‌లోంచే వచ్చేవాళ్లకు ముందు తలుపు తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తుండదు. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు నుంచి సూట్‌కేసులతో దిగి, పనిచేయని రిమోట్ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. బయటి కీప్యాడ్ లాక్‌లో కూడా పనిచేస్తుందా లేదా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. ఊరెళ్లకముందే ఒకసారి నొక్కి చూసుకోండి.

"ఈ గొడవంతా ఎందుకు, ప్లగ్ పీకేస్తే పోలా?" అనేవాళ్లున్నారు. ఊరెళ్లేటప్పుడు మంచి ఉపాయమే, ఒక్క మినహాయింపుతో. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి అమ్మే ఓపెనర్లకు, అంటే తలుపు తెరిచే ఈ మోటార్లకు, బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. 2017 కార్చిచ్చుల్లో కరెంటు పోయి తలుపులు తెరుచుకోక కొందరు ఇళ్లలోనే చిక్కుకుపోయాక వచ్చిన చట్టమిది. అంటే ఫ్రీమాంట్‌లోనో శాన్ రామోన్‌లోనో కొత్త మోటార్ పెట్టించినవాళ్లు ప్లగ్ పీకినా రిమోట్ తలుపు తెరుస్తూనే ఉంటుంది, పైగా మోటార్ బీప్ బీప్‌మని అరుస్తుంటుంది. తలుపుకి లోపలివైపు గడియ వేసేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. గడియ వేసి ఉండగా మోటార్ లాగితే తలుపే వంగిపోతుంది. అందుకే గడియ వేస్తే మోటార్‌కి కరెంటు ఉండకూడదు, బ్యాటరీ కూడా ఉండకూడదు.

టైమర్ సంగతి వేరు. అది తెరుచుకోవడాన్ని ఆపదు, తెరిచి ఉండిపోకుండా చూస్తుంది. 1, 5, 10 నిమిషాల్లో ఏదో ఒకటి పెట్టుకుంటే, ఆ సమయం అయ్యాక బీప్ కొట్టి, లైటు వెలిగించి ఆర్పి, తలుపు దించేస్తుంది. పగటిపూట రిమోట్ లాక్ చేసుకోలేం కాబట్టి పగటికి ఇదే నయం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్న ఇళ్లలో లైటు స్విచ్ అనుకుని గ్యారేజ్ బటన్ నొక్కడం మామూలే. అక్కడ దీనికి మించింది లేదు. అయితే గ్యారేజ్‌లో వంట పెట్టుకున్న రోజు దీన్ని ఆపుకోవాలి, లేకపోతే చేపల వేపుడు మధ్యలో తలుపు పడిపోతుంది.

ఫోన్ యాప్ మీద నాకంత గురి లేదు. తెరుచుకుందని చెప్తుంది, దూరం నుంచి మూసే వీలిస్తుంది, అంతవరకు బాగుంది. రాత్రి రెండింటికి ఫోన్ సైలెంట్‌లో ఉంటే ఆ మెసేజ్ ఎవరు చూస్తారు? టైమర్, లాక్ ఉన్న ఇంట్లో అది అదనపు సౌకర్యం మాత్రమే.

టెస్లాలో హోమ్‌లింక్ పెట్టించుకున్నవాళ్లు మాత్రం పైవాటికంటే ముందు కారు సెట్టింగ్ చూసుకోవాలి. ఇంటికి చేరగానే తలుపు తెరిచే ఆప్షన్ జీపీఎస్‌ని నమ్ముకుంటుంది. ఇంటికి కాకుండా పక్క వీధిలో స్నేహితుల దగ్గరికి వెళ్తున్నా, మీ ఇంటి ముందు నుంచి పోతే తలుపు లేస్తుంది. స్క్రీన్ మీద స్కిప్ నొక్కొచ్చు, కానీ నొక్కాలని ఎవరికి గుర్తుంటుంది? ఆటోమేటిక్ తీసేసి, స్క్రీన్ మీద మీరే నొక్కుకోండి.

రిమోట్ లోపల వరుసగా చిన్న చిన్న స్విచ్‌లుండే పాత ఓపెనర్లకు వీటిలో ఏదీ పెద్దగా అక్కరకు రాదు. ఆ స్విచ్‌ల అమరికే తలుపు తెరిచే కోడ్. 12 స్విచ్‌లున్నా వచ్చే కోడ్‌లు 4,096 మాత్రమే, పక్కింటివాళ్లది కలిసినా కలవొచ్చు. సామీ కమ్కార్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు 2015లో పిల్లల బొమ్మ పరికరాన్ని కాస్త మార్చి, ఇలాంటివాటిని పది సెకన్లలోపే తెరవొచ్చని చూపించాడు. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ ఓపెనర్లకు ఈ బెడద లేదు. పైగా తలుపు కింద మనిషి ఉంటే కనిపెట్టి తలుపుని వెనక్కి తిప్పే సెన్సరో, అలాంటి రక్షణో ఉండాలన్నది 1993 నుంచి తయారైన మోటార్లకే చట్టం. అంతకంటే పాతది మీ గ్యారేజ్‌లో ఉంటే రిపేర్‌కి డబ్బు పెట్టకుండా మోటార్ మార్చేయండి.