చేసిన బొమ్మతో ఆడించే తరగతి: అనంతపురంలో పిల్లల కళాశిక్షణపై ఒక సమీక్ష

అనంతపురం సాయినగర్‌లో ఒక మేడపైన శని, ఆదివారాల్లో నడిచే ఈ పిల్లల తరగతికి ఇంతవరకు బోర్డు కూడా పెట్టలేదు. ఆ వీధిలో ‘బొమ్మల క్లాసు’ ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఏడేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలను చేర్చుకుంటారు. నెలకొక అంశం తీసుకుని, ప్రపంచంలో వేర్వేరు చోట్ల దానికి సంబంధించిన చేతిపనినీ, ఆ చేతిపనితో ముడిపడిన నాటకరూపాన్నీ కలిపి నేర్పుతామని వారు చెబుతారు. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయిని వేసవి సెలవుల్లో చేర్చాము, బడులు తెరిచిన తరువాత కూడా మాన్పించలేదు. ఎండాకాలం వస్తే ఊరంతా వెలిసే డ్రాయింగు, డాన్సు, అబాకస్ శిబిరాల్లో ఇది కూడా ఒకటి అనుకునే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని కొంత వివరంగా రాస్తున్నాను.

ఈ తరగతికి ఒక నియమం ఉంది. పిల్లలు చేసిన ఏ వస్తువైనా ముందు ఆటలోకి దిగాలి, ఆ తరువాతే ఇంటికి రావాలి. మాస్కు చేస్తే అది పెట్టుకుని నడవాలి, బొమ్మ చేస్తే దానిచేత మాట్లాడించాలి, అచ్చులు వేసిన గుడ్డ అయితే ఏదో ఒక పాత్రకు కండువాగానో కొంగుగానో మారాలి. సాధారణంగా మన దగ్గర క్రాఫ్టు క్లాసు అంటే సగం పని టీచరమ్మా, మిగిలిన సగం ఇంట్లో అమ్మా పూర్తిచేసి, పిల్లల పేరు రాసి షోకేసులో పెట్టడమే. ఆటలోకి దిగే వస్తువు విషయంలో ఆ సర్దుబాటు చెల్లదు, ఎందుకంటే అతుకు సరిగా పడని చెయ్యి నలుగురి ముందూ ఊడి కింద పడుతుంది, కళ్ల రంధ్రాలు పక్కకు జరిగిన మాస్కు పెట్టుకున్న పిల్లవాడు నేరుగా వెళ్లి గోడకు గుద్దుకుంటాడు. పని ఎక్కడ చెడిందో ఒకరు చెప్పనక్కరలేకుండానే తెలిసిపోయి, పిల్లలు వాళ్లంతట వాళ్లే మళ్లీ కత్తెర అందుకుంటారు.

నీడబొమ్మల నెలలో ఇది స్పష్టంగా కనిపించింది. మొదటి వారం పిల్లలందరూ నల్ల చార్టు పేపరు మీద బొమ్మ గీసి కత్తిరించి, కళ్లు, ముక్కు, నగలు తెల్లరంగు పెన్నుతో ఎంతో శ్రద్ధగా దిద్దారు. కిటికీలు మూసి, పాత తెల్లపంచె వెనుక బల్బు వెలిగించి చూస్తే ఆ దిద్దిన వివరం ఒక్కటీ కనిపించలేదు. రాజు, రాక్షసుడు, ఆవు అన్నీ నల్లటి ముద్దలుగానే తేలాయి. టీచరు అప్పుడు కూడా కారణం చెప్పలేదు. కొంతసేపటికి ఒక అబ్బాయి దబ్బనంతో కన్ను దగ్గర రంధ్రం చేసి బొమ్మను మళ్లీ తెర దగ్గర పెట్టాడు, అంతే, మిగిలిన వాళ్లందరూ దబ్బనం కోసం వరుసకట్టారు. నీడలో నగ కనిపించాలంటే వెలుతురుకు దారి తొలవాలన్న సంగతి అలా పిల్లల చేతికే తెలిసింది. రెండో వారం ట్రేసింగ్ పేపరుకు రంగులు వేసి, పైన కొబ్బరినూనె పలచగా రాసి ఆరబెట్టారు. నూనె పీల్చిన కాగితం వెలుతురును లోపలికి పోనిస్తుంది కాబట్టి తెర మీద నీడకు బదులు రంగే కనిపించింది, తోలుబొమ్మలకు పలచని తోలు ఎందుకు వాడతారో వేరే పాఠం అవసరం లేకపోయింది. మోచేతి దగ్గర దారం ముడి మరీ బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే వేలాడిపోతుంది. దీపం దగ్గరికి జరిపిన బొమ్మ తెర మీద పెద్దదై అంచులు చెదిరిపోతుంది. ఈ చివరి విషయాన్ని పిల్లలు లోపంగా భావించకుండా, రాక్షసుడు మాయతో పెరిగే ఘట్టానికి వాడుకోవడం నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది.

దేశాలను పోల్చి చెప్పిన తీరు కూడా ఈ నెలలో బాగుంది. జావా ద్వీపంలోని వాయాంగ్ కులిత్ బొమ్మలను గేదె తోలుతో చేస్తారు, గేదె కొమ్ముతో చేసిన పిడిని బొమ్మ నడుమ నిలువుగా అమర్చి కింది నుంచి పట్టుకుంటారు, గమెలాన్ వాద్యాల మధ్య దలాంగ్ అనే ఒకే వ్యక్తి బొమ్మలన్నిటినీ ఆడించి, అన్ని గొంతులూ తానే పలుకుతాడు. టర్కీలోని కరగోజ్ బొమ్మలు ఒంటె తోలువి, చిన్నవి, వాటి పుల్లలను వెనుక నుంచి అడ్డంగా దూర్చి బొమ్మను తెరకు అదిమి ఆడిస్తారు. ఈ తేడాలను బోర్డు మీద రాయించి ఊరుకోకుండా, చీపురు పుల్లను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కట్టించి రెండు రకాలుగానూ ఆడించారు. నిలువు పుల్లతో నడక కుదురుగా వస్తుందనీ, అడ్డపుల్లతో గెంతులూ తన్నులాటలూ బాగా వస్తాయనీ మా అమ్మాయి ఇంటికి వచ్చి చెప్పింది. కరగోజ్ ఎక్కువగా హాస్యం, తగువులాటే కాబట్టి ఆ మాటలో నిజం లేకపోలేదు.

జపానులో 1930ల నాటికి వీధుల్లో విస్తారంగా ఆడిన కామిషిబాయి అనే కాగితపు నాటకాన్ని మరొక నెల తీసుకున్నారు. కథకుడు సైకిలు వెనుక చిన్న చెక్క చట్రం కట్టుకుని వచ్చి, మిఠాయి కొన్న పిల్లలను ముందు కూర్చోబెట్టి, బొమ్మల కార్డులు ఒక్కొక్కటిగా లాగుతూ కథ చెప్పేవాడు. చట్రంలో కనిపిస్తున్న బొమ్మకు సంబంధించిన మాటలు కట్టలో చివరి కార్డు వీపున ఉంటాయి, ముందు కార్డును లాగి వెనుక పెట్టగానే తరువాతి బొమ్మ మాటలు కథకుడి కళ్లెదుట నిలుస్తాయి. ఈ ఏర్పాటు పిల్లలకు ఒక లెక్కలాగా నచ్చింది. అట్టపెట్టెలతో చట్రాలు చేసుకుని, పెన్నా ఇసుకలో చిక్కుకున్న చేప కథ ఒకటి, వేరుశనగ చేలో అడవిపందులను తరిమిన అవ్వ కథ ఒకటి సొంతంగా అల్లారు. కార్డును ఎంత నెమ్మదిగా లాగితే చూసేవాళ్లు అంత ముందుకు వంగుతారని గ్రహించిన ఒక చిన్నది, పంది బొమ్మను తోక నుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళంగా చూపించి అందరినీ నవ్వించింది.

మాస్కుల నెల కూడా దాదాపు ఇదే స్థాయిలో సాగింది. మెక్సికో నగరంలో 1930లలో పెడ్రో లినారెస్ కాగితం గుజ్జుతో వింత జంతువులను చేయడం మొదలుపెట్టిన సంగతి చెప్పి, పిల్లలచేత కూడా గుజ్జు కలిపించారు. ఒక పిల్లవాడి అవ్వ వచ్చి, తమ కాలంలో నానబెట్టిన మెంతులు రుబ్బి కాగితం గుజ్జులో కలిపి బుట్టలు చేసేవాళ్లమని చెప్పడంతో మరుసటి వారం మెంతులూ వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్లను ఇలా తరగతిలోకి రానివ్వడం మంచి పద్ధతి. మాస్కులు ఆరిన తరువాత జపానులో ‘నో’ అనే సంప్రదాయ నాటకంలోని కిటుకు ఒకటి నేర్పారు. అక్కడి మాస్కులు చెక్కతో చెక్కినవి, వాటి ముఖం మారదు, కానీ నటుడు తలను కొద్దిగా పైకెత్తితే వెలుగు పడి ముఖం విప్పారినట్లూ, కొద్దిగా దించితే నీడ కమ్మి దిగులుపడినట్లూ కనిపిస్తుంది. పిల్లలు మొదట తలలు ఊపేశారు. ఊపు తగ్గే కొద్దీ మాస్కుకు ప్రాణం వచ్చింది.

ఇక లోపాల విషయం. ఘనా దేశపు అదింక్రా అచ్చుల నెల తేలిపోయింది. అక్కడ ఎండిన సొరబుర్ర పెంకు మీద గుర్తులు చెక్కి, చెట్టు బెరడు కాచి తీసిన నల్లరంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. ప్రతి గుర్తుకూ ఒక సామెతో నీతో తోడుంటుంది. సొరబుర్ర మనకు కొత్త వస్తువు కాదు కాబట్టి ఇక్కడ ఎంతో చేయవచ్చు. కానీ బెండకాయ ముక్కలతో నాలుగు అచ్చులు వేయించి, ‘ఆఫ్రికా డిజైన్లు’ అని గోడకు తగిలించి ముగించారు. ఒక ఖండాన్నంతా ఒక దేశంగా చెప్పడం పొరపాటు అనే సంగతి అలా ఉంచితే, గుర్తుకు అర్థం చెప్పకపోవడంతో నాటకానికి కావలసిన కథే లేకుండా పోయింది. నెల చివర ప్రదర్శనలో ఆ గుడ్డలను కప్పుకుని పిల్లలు ఒక సినిమా పాటకు నృత్యం చేశారు. పైగా ప్రతి నెలా మొదటి తరగతిలో ఆ దేశపు జెండాకు రంగులు వేయించడం, రాజధాని పేరు, డబ్బు పేరు కంఠస్థం చేయించడం పూర్తిగా వృథా. అది బడిలో ఎలాగూ ఉంది.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. జావాకూ టర్కీకూ చెరి రెండు వారాలు ఇచ్చి, మన తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటకు ఒక పూట మాత్రమే ఇచ్చారు. ధర్మవరం మండలంలోని ఆ ఊరు 2022 జిల్లాల విభజనలో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, ఇక్కడి నుంచి ఉదయం బయలుదేరితే చూసి సాయంత్రానికి తీరికగా ఇంటికి రావచ్చు. మేకతోలును శుభ్రం చేసి, బిగదీసి ఎండబెట్టి, ఉలితో రంధ్రాలు కొట్టి రంగులద్దే కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఆ పనితోనే బతుకుతున్నాయి, ఆటలు తగ్గి దీపాల తొడుగులు చేయవలసి వచ్చినా సరే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మనిషెత్తు బొమ్మను ఆడించే మనిషి తానూ దానితోపాటు చిందు వేయడం, గుర్రం పరుగు వినిపించడానికి కాళ్ల కింద చెక్కపలకలను తొక్కడం, మధ్యలో హాస్యపాత్రలైన కేతిగాడూ బంగారక్కా దూరి అల్లరి చేయడం, ఇవన్నీ తరగతిలో ఫోను తెర మీద చూపించారు. తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పేరు ఎత్తలేదు, కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలై, అప్పటిదాకా తోలుబొమ్మలాడించిన కుటుంబాలనే రంగస్థలం ఎక్కించిన సురభి నాటకాల ప్రస్తావనా రాలేదు. బొమ్మ పట్టిన చెయ్యి నటుడిగా ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఈ మాట నిర్వాహకులకు చెప్పాను. వచ్చే విడతలో నిమ్మలకుంట నుంచి ఒకరిని పిలిపించి, తగిన పారితోషికమిచ్చి నేర్పిస్తామన్నారు. పిలవడం కంటే పిల్లలనే అక్కడికి తీసుకెళ్లడం మేలని నా అభిప్రాయం.

నేర్పేవారు ఇద్దరు. ఒకరు చేతిపని, మరొకరు నటన చూస్తారు. ఇద్దరూ తెలుగులోనే చెబుతారు, మన సీమ యాసలో మాట్లాడే పిల్లవాడిని ఆపి దిద్దరు, ఇది నాకు బాగా నచ్చింది. ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడి ఒకరి కదలికను ఒకరు అద్దంలో మాదిరి అనుకరించే ఆటతో ప్రతి తరగతీ మొదలవుతుంది. నోరు విప్పని పిల్లలు ముందు అందులో కుదురుకుని, తరువాత తెర వెనుక బొమ్మకు గొంతిచ్చి, ఆపైన ముందుకు వస్తున్నారు. బిడియం ఉన్న పిల్లలకు మొదటి రోజే మైకు ఇచ్చి ‘ధైర్యంగా మాట్లాడు’ అనే శిబిరాలకంటే ఈ వరుస ఎంతో నయం.

ఫీజు నెలకు 1,200 రూపాయలు, సామగ్రికి మరో 300 అదనంగా తీసుకుంటారు. పైకప్పు రేకులది కావడంతో ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటితే కూర్చోలేము. ఎండాకాలం వేళలు ఇంకా ముందుకు జరపాలి. తాగునీరు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్నాయి. ఇరవై అయిదు మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు చాలరు, ముఖ్యంగా కటింగు చాకు వాడే రోజుల్లో మూడో మనిషి తప్పనిసరిగా ఉండాలి.

ఏడేళ్లు చెప్పినా, ఎనిమిది నిండని పిల్లలకు దబ్బనం, గుజ్జు పనులు కష్టమే. సర్టిఫికెట్లు, పోటీల బహుమతులు కోరేవారికి ఇక్కడ ఏమీ దొరకదు, నెలకు ఒక్క అంశమే అంటే పిల్లలు వెనకబడతారని బెంగపడేవారికీ ఇది సరిపడదు. నెలాఖరు ఆదివారం సాయంత్రం జరిగే పిల్లల ప్రదర్శనకు ఎవరైనా వెళ్లవచ్చు, టికెట్టు లేదు. ఫీజు కట్టే ముందు మీ పిల్లలను వెంటబెట్టుకుని ఒక ప్రదర్శన చూసి, ఆట ముగిశాక తెర వెనక్కి వెళ్లి బొమ్మలను వాళ్ల చేత పట్టించి చూడండి, టీచర్లు అడ్డుచెప్పరు.