పాత ఆల్టోకి ఏ ఆయిల్ మేలు: 20డబ్ల్యూ50నా, సెమీనా, ఫుల్ సింథటిక్కా?

నాన్నగారు 2009లో కొన్న ఆల్టో ఇంకా మా ఇంటి ముందే ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, మీటరు మీద లక్షా పద్దెనిమిది వేలు. పదిహేనేళ్లు నిండాక 2024లో ఆర్‌సీ మరో అయిదేళ్లకు రెన్యూవల్ చేయించాం. అంటే ఈ ఇంజిన్ ఇంకొన్నేళ్లు ఆరోగ్యంగా తిరగాలి. ఆయిల్ మార్చడానికి వెళ్లినప్పుడల్లా మాత్రం తలా ఒక మాట. "పాత బండి కదండీ, 20డబ్ల్యూ50 పోయించండి, ఇంజిన్ గట్టిగా ఉంటుంది" అంటాడు ఒకాయన. ఫుల్ సింథటిక్ పోస్తే కొత్త బండిలా పోతుందంటాడు ఇంకొకాయన. ఫుల్ సింథటిక్ అంటే ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా శుద్ధి చేసి తయారుచేసిన ఆయిల్; ముడిచమురు నుంచి నేరుగా తీసే మామూలు ఆయిల్‌ని మినరల్ అంటారు, 20డబ్ల్యూ50 డబ్బాలు ఎక్కువగా అదే. ఈ రెండూ కలిపిన సెమీ సింథటిక్ మధ్యలో ఉంది.

ముందు ఆ నంబర్ల సంగతి, వాటినే గ్రేడు అంటారు. డబ్ల్యూకి ముందున్న అంకె ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. అది ఎంత చిన్నదైతే అంత త్వరగా పారుతుంది. రెండో అంకె వేడెక్కాక ఉండే చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర కొలిస్తే 30 నంబరు ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటుంది, 50 నంబరుది 16.3 నుంచి 21.9 దాకా. తేడా చిన్నది కాదు.

"బెజవాడలో చలెక్కడిది, మొదటి అంకెతో మనకేం పని?" అని చాలామంది అడుగుతారు. పని ఉంది. మే నెల 45 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారైనా ఇంజిన్ లెక్కలో చల్లగా ఉన్నట్టే, ఎందుకంటే ఆయిల్ సరిగ్గా పని చేసేది 90, 100 డిగ్రీల దగ్గర. రాత్రంతా ఆయిల్ కింద చాంబర్లోకి దిగిపోయి ఉంటుంది. పొద్దున కీ తిప్పగానే అది పైనున్న, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కాలి. ఎక్కేలోపు ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉన్నది నిన్నటి పల్చటి పొర మాత్రమే.

ఈ తేడా నేను చెవులారా విన్నాను. ఒకసారి మెకానిక్ మాట మీద 20డబ్ల్యూ50 పోయించాను. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది. బానెట్ కింద పైభాగం నుంచి టకటకమని చప్పుడు, రెండు మూడు సెకన్లు. ఆ తర్వాత సర్దుకుంది గానీ పికప్‌లో బరువు తెలుస్తూనే ఉంది. వెయ్యి కిలోమీటర్లకే తీయించి 10డబ్ల్యూ30 సెమీ సింథటిక్ పోయించాను. ఆ పొద్దుటి చప్పుడు పోయింది.

అలాగని 20డబ్ల్యూ50 ఎవరికీ పనికిరాదనను. ఆయిల్ బాగా తాగే ఇంజిన్‌కి అది కొంతకాలం ఊతమిస్తుంది. కానీ ముందు ఎందుకు తాగుతోందో చూడాలి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానపడాలి. ఎక్కువమంది చూడని చిన్న వస్తువు ఇంకొకటుంది, పీసీవీ వాల్వ్. అది మసిపట్టి మూసుకుపోతే ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి లేక ఆయిల్‌ని సీళ్ల మీదికి నెడుతుంది. పెద్ద ఖరీదు లేని ఆ ముక్క మార్చకుండా గ్రేడు పెంచుకుంటూ పోవడం అన్యాయం.

ఇక ఫుల్ సింథటిక్. ఆయిల్‌గా చూస్తే మూడిటిలో ఇదే గొప్పది, అందులో సందేహం లేదు. వేడికి త్వరగా చెడదు, చల్లగా ఉన్నా చక్కగా పారుతుంది. పాత కారులో పోస్తే సీళ్లు పాడై కారుతుందనే మాటలో మాత్రం సగమే నిజం. సీళ్లను అది పాడు చేయదు. ఎప్పుడో గట్టిపడి పగిలిన సీళ్ల సందుల్లో పేరుకున్న మడ్డిని అది కరిగిస్తుంది, దాంతో అప్పటిదాకా దాగి ఉన్న లీకు బయటపడుతుంది.

నాకున్న అభ్యంతరం ఖర్చు గురించి. మామూలు మినరల్ ఆయిల్‌తో పోలిస్తే దీని ధర సుమారు రెట్టింపు. పదివేల కిలోమీటర్లు నడిచే ఆయిల్ కాబట్టి ఆ ధర. మా ఆల్టో ఏడాదికి తిరిగేది నాలుగువేలు: కూరగాయల మార్కెట్, గుంటూరులో అక్క వాళ్లిల్లు, ఏడాదికోసారి శ్రీశైలం. ఎన్ని తక్కువ కిలోమీటర్లు తిరిగినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాల్సిందే. దగ్గర దగ్గర ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరైపోదు. అలాంటి బండిలో ఫుల్ సింథటిక్ సగం ఆయుష్షు వాడకుండానే కింద ట్రేలోకి పోతుంది. అదే కారు రోజూ హైవే మీద ఆఫీసుకు వెళ్లొచ్చేదైతే నేనూ 5డబ్ల్యూ30 ఫుల్ సింథటిక్కే పోయిస్తాను, మాన్యువల్ ఒప్పుకుంటే.

మాన్యువల్ మాట ఎందుకంటే, ఏ గ్రేడు అన్నది అసలు తేల్చాల్సింది అదే. డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యత అక్షరాలు కూడా చూడండి. పెట్రోలు కారుకి ఎస్ తో మొదలయ్యేవి: ఎస్‌ఎన్, 2020లో వచ్చిన ఎస్‌పీ. కొత్తవి పాత ఇంజిన్‌కీ పనికొస్తాయి. సీల్ మీ కళ్లముందే తీయించండి. పోశాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో చిల్లు పెట్టించండి, లేకపోతే అదే డబ్బా నకిలీ ఆయిల్‌తో మళ్లీ ఎవరి కారుకో చేరొచ్చు.

ఏళ్ల తరబడి ఆయిల్ సరిగ్గా మార్చని బండి చేతికొస్తే ఇంజిన్ ఫ్లష్, అంటే లోపలి మడ్డిని కడిగే ద్రవం, జోలికి పోకండి. ఒక్కసారిగా ఊడిన మడ్డి వెళ్లి చాంబర్లోని జాలీకి అడ్డం పడితే ఆయిల్ పైకి ఎక్కదు. మామూలు ఆయిల్ పోసి రెండువేల కిలోమీటర్లకే ఫిల్టర్‌తో సహా మార్చడం, ఇంకోసారి అలాగే చేయడం నిదానమైన దారి, భద్రమైన దారి కూడా.

మా బండికి ఇప్పుడు 10డబ్ల్యూ30 సెమీ సింథటిక్, అయిదువేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ప్రతిసారీ కొత్త ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్. ఫుల్ సింథటిక్ మానేసి మిగిల్చిన డబ్బులో కొంత ఈసారి కూలెంట్‌కి పోయింది, లక్ష దాటినా మార్చకుండా వదిలేసిన టైమింగ్ బెల్ట్‌కి మిగతాది. నెలకో ఆదివారం, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు, చదునైన చోట డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూస్తాను. మొన్న చూస్తే పోయించి ఏడు నెలలైనా పై గీతకి కొంచెం కిందే ఉంది.