బాలిలో బొమ్మ కొనాలంటే క్లుంగ్‌కుంగ్ వెళ్ళండి

ఉబుద్‌లో మా డ్రైవరు అడక్కుండానే ఒక పెద్ద ఆర్ట్ షాపు ముందు కారాపాడు. చేత్తో వేసిన కమాసన్ బొమ్మ (కమాసన్ అనే ఊరి పద్ధతిలో గుడ్డ మీద వేసే పురాణాల బొమ్మ) అంటూ 35 లక్షల రుపియాలు చెప్పారు. మన డబ్బులో పద్దెనిమిది వేల పైమాటే. పక్కనే అదే బొమ్మ ఇంకోటుంది. రెండిట్లోనూ భీముడి గద అంచు సరిగ్గా ఒకే చోట చెదిరింది. రెండూ ప్రింట్లే! మేం లేచేసరికి ధర 12 లక్షలకు దిగింది. "దేవుళ్ళ బొమ్మల్లో కూడా మోసమేనా?" అని అత్తయ్య ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు 6,50,000 రుపియాలకి వేరే కారు మాట్లాడుకుని క్లుంగ్‌కుంగ్ వెళ్ళాం. అక్కడి కెర్తా గోసా రాజుల కాలపు న్యాయసభ. పైకప్పు నిండా కమాసన్ చిత్రాలే. పాండురాజుని, మాద్రిని విడిపించడానికి భీముడు యమలోకానికి వెళ్ళే కథ ఉంది. కింది వరసల్లో పాపులకు పడే శిక్షలు, పైకి వెళ్ళేకొద్దీ స్వర్గం. నేరం మోపబడినవాళ్ళు తలెత్తితే కనబడేవి అవే. మన స్వర్గారోహణ పర్వంలో నరకం చూసేది ధర్మరాజు కదా, ఇక్కడ భీముడేమిటని అత్తయ్య గైడుని వదల్లేదు. అమృతం కోసం వెళ్ళే గరుత్మంతుణ్ణి మాత్రం తనే గుర్తుపట్టి మాకు కథంతా చెప్పారు. మెడ నొప్పి అంటూనే మావారు కూడా కదల్లేదు.

కమాసన్ ఊరు అక్కడికి దగ్గరే. ఒక చిత్రకారుడి ఇంట్లో, గుడ్డకి బియ్యప్పిండి గంజి పట్టించి, ఎండబెట్టి, గవ్వతో రుద్ది నున్నగా చేస్తున్నారు. రంగుల గిన్నెల పక్కన ఆకుదొన్నెలో పూల నైవేద్యం. ఈ కళ గుడి అలంకరణకు పుట్టింది, ఇప్పటికీ పండగలకు గుళ్ళలో ఈ గుడ్డలు కడతారు. మేం చిన్న గరుడ బొమ్మ 8 లక్షలకు తీసుకున్నాం. బేరం ఆడబుద్ధి కాలేదు.

ఉబుద్‌లో 1956లో తెరిచిన పురి లుకిసన్ మ్యూజియంకి ఒక పూట కేటాయించండి. బాలి చిత్రకారుడు లెంపాద్ గీసిన నల్లగీతల బొమ్మలు చూస్తే, సంతలూ పొలాలూ కొత్తగా బొమ్మల్లోకి వచ్చిన కాలంలోనూ పురాణం ఎంత బలంగా నిలిచిందో తెలుస్తుంది. గది, తిండి ఎక్కడా ఇబ్బంది లేదు.

కారు మాట్లాడుకునేటప్పుడే షాపుల దగ్గర ఆపొద్దని గట్టిగా చెప్పండి. బొమ్మ కొనేముందు గుడ్డ వెనక్కి తిప్పి చూడండి, పక్కన అలాంటిదే ఇంకోటి ఉంటే రెండూ కలిపి పోల్చండి.