చిమ్నీ ఆగిపోతే రిపేరా, కొత్తదా, ఎగ్జాస్ట్ ఫ్యానా?

వంటింట్లో చిమ్నీ ఆగిపోయిందనగానే ఇంట్లో ఒకరు ‘పాతదైపోయింది, కొత్తది తెద్దాం’ అంటారు. ఇంకొకరు ‘కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే పోయేదానికి ఇంత ఖర్చెందుకు’ అని దెప్పుతారు. బాగు చేయించే మాట అందరికంటే చివర్న వస్తుంది. మన నల్లగొండ, పాలమూరు వైపు మాత్రం ఆ మాటే ముందు రావాలని నా అభిప్రాయం. బోరు మోటార్ల పుణ్యమా అని మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్లలో వైండింగ్ షాపులకు కొదవ లేదు. ఐదు హార్స్‌పవర్ మోటారును విప్పి చుట్టే మనిషికి చిమ్నీ మోటారు పెద్ద పనేం కాదు.

అయితే ఏం చెడిందో కొంతైనా తెలిశాకే లెక్క వేసుకోవాలి. లైటు కూడా వెలగకపోతే అదే సాకెట్లో మిక్సీ పెట్టి చూడండి. అదీ నడవకపోతే తప్పు చిమ్నీది కాదు, సాకెట్‌దో ఎంసీబీదో (లోడు ఎక్కువైతే తానే పడిపోయే మెయిన్ స్విచ్). లైటు వెలుగుతోంది, ఫ్యాన్ మాత్రం గుయ్‌మని మూలుగుతూ తిరగట్లేదంటే చాలాసార్లు కెపాసిటర్ పోయినట్టే. మామూలు చిమ్నీ మోటారు కూడా సీలింగ్ ఫ్యాన్‌లాగే కెపాసిటర్ సాయం లేనిదే తిరగడం మొదలుపెట్టదు. ప్లగ్గు తీసేసి, ఫిల్టర్ విప్పి, బ్లోయర్‌ను (పొగను లాగే లోపలి చక్రాన్ని) వేలితో మెల్లగా తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీద. బిగుసుకుని ఉంటే జిడ్డు మీద, బేరింగ్ మీద. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు కాబట్టి దాని తీగల జోలికి పోవద్దు, ఆ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

కాసేపు నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడుస్తుందా? మోటారు వేడెక్కితే లోపలి థర్మల్ కటాఫ్ ఆపేస్తుంది. ఎండాకాలం సాయంత్రాలు 230 ఉండాల్సిన వోల్టేజీ బాగా పడిపోయే ఇళ్లలో ఇది మామూలే. పైగా బ్లోయర్‌కు జిడ్డు పట్టి ఉంటే మోటారు మరింత కష్టపడుతుంది. మన ఎర్రమట్టి దుమ్ము నూనె ఆవిరితో కలిసిందంటే గోకినా రాదు. దాన్ని వదిలించడానికి కాస్టిక్ సోడా వాడమని కొందరు చెబుతారు. అల్యూమినియం జాలీని అది తినేస్తుంది. వేడినీళ్లు, గిన్నెల సబ్బు చాలు, కాకపోతే నానబెట్టే ఓపిక కావాలి.

ఇక ఖర్చు సంగతి. కెపాసిటర్ ఖరీదు వంద, రెండొందల మాట. మనిషి కూలీ కలిపినా వందల్లోనే తేలుతుంది. మోటారు చుట్టించడమో, కొత్త మోటారు వేయించడమో అయితే రెండు వేల నుంచి నాలుగు వేల దాకా పోవచ్చు. కొత్త చిమ్నీ పది వేలకు అటూఇటుగా మొదలై, ఇరవై దాటినా ఆగదు. కాబట్టి కెపాసిటర్, బేరింగ్, వైండింగ్ వరకు కళ్లు మూసుకుని రిపేరుకే నా ఓటు.

టచ్ ప్యానెల్ బోర్డు పోతే మాత్రం ఆలోచించాలి. పాత మోడల్‌కు బోర్డు దొరకడమే కష్టం. తెలిసిన ఎలక్ట్రీషియన్ అయితే టచ్ తీసేసి మామూలు బటన్ స్విచ్ పెడతాడు. ఆటోక్లీన్, అంటే బటన్ నొక్కితే తనంతట తానే జిడ్డు వదిలించుకునే ఏర్పాటు, పోతుంది కానీ ఫ్యాన్ నడుస్తుంది. అది నాకు నష్టంగా అనిపించదు, చేత్తో కడిగే చిమ్నీయే ఎక్కువకాలం మన్నుతుందని నా నమ్మకం. కరెంటు తక్కువ తాగే కొత్త రకం బీఎల్‌డీసీ మోటారు ఉన్నదైతే ఈ ఉపాయం పనికిరాదు. దాన్ని నడిపేదే బోర్డు. ఆ బోర్డు ధర కొత్త చిమ్నీలో సగానికి చేరువైతే కొత్తదే మేలు.

వారంటీ ఉన్నంతకాలం బయటి మనిషి చేత విప్పించకండి. అలాగని మోటారుకు ఐదేళ్లు, పదేళ్లు అని రాసిన అక్షరాలు చూసి మురిసిపోవద్దు. చాలా కార్డుల్లో అది మోటారుకే పరిమితం, బోర్డుకూ స్విచ్‌కూ ఏడాదే. కంపెనీ మనిషి రాకుండా తిప్పించుకుంటుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి ఇంటిని బట్టి ఉంటుంది. పొద్దుమాపు జొన్నరొట్టెలు, పప్పు, నెలకోసారి గారెలు అనుకుంటే, గాలి వచ్చే కిటికీ ఉన్న వేరు వంటింటికి తొమ్మిది అంగుళాల ఫ్యాన్ సరిపోతుంది. కరెంటు తక్కువ, చెడేది తక్కువ. కానీ అది గదిలో గాలిని లాగుతుంది తప్ప పొయ్యి మీది ఆవిరిని అక్కడికక్కడే పట్టదు, గోడలకు జిడ్డు తప్పదు. హాలుకు ఆనుకున్న ఓపెన్ కిచెన్‌లో తునకల కూర, బగార వండితే సోఫా దాకా వాసన ఉంటుంది. అక్కడ చిమ్నీ ఉండాల్సిందే. బయటికి పైపు లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో నడిచే రకం వేడిని, తేమను బయటికి పంపలేదు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో అది మనకెందుకు?

గ్యాస్ వాసన వచ్చినప్పుడు మాత్రం ఫ్యాన్ అయినా చిమ్నీ అయినా స్విచ్ ముట్టకూడదు. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలనే పరుచుకుని ఉంటుంది. స్విచ్‌లో లేచే రవ్వ చాలు. తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి.

ఇంకో రకం ఫిర్యాదు ఉంది. ఫ్యాన్ బాగానే తిరుగుతుంది, పొగ మాత్రం పోదు. అప్పుడు మోటారును తిట్టొద్దు. ఆరంగుళాల పైపును నాలుగంగుళాల రంధ్రంలో దూర్చారేమో, రెండు మూడు చోట్ల వంచారేమో, బయటి మూతి దగ్గర పావురాలు గూడు పెట్టాయేమో చూడండి. ఆ వంపులు తీయించకుండా కొత్త చిమ్నీ తెచ్చి అదే పైపుకు తగిలిస్తే, కొత్తది కూడా అంతే లాగుతుంది.