కాలిఫోర్నియానా, టెక్సాసా?

కాలిఫోర్నియాలోని బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాలు) నుంచి టెక్సాస్‌లోని డల్లాస్‌కు మారాలనుకునే తెలుగు కుటుంబాలు ముందుగా చెప్పేది ఒకటే: టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. నిజమే. కానీ టెక్సాస్ ఆ లోటును ఇంటి పన్నులో రాబట్టుకుంటుంది. చాలాచోట్ల ఏటా ఇంటి విలువలో 2 శాతం దాకా పోతుంది. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన ‘ప్రతిపాదన 13’ చట్టం వల్ల, ఇల్లు చేతులు మారేదాకా పన్ను లెక్కించే విలువ సాధారణంగా ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఇల్లు ఎప్పుడో కొన్నవారు ఊరికే కదలరు మరి!

అయినా డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో పెరడున్న పెద్ద ఇల్లు వచ్చే డబ్బుకు బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో చిన్నది దొరికితే గొప్ప. అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుంటే ఆ తేడా బాగా తెలుస్తుంది. ఎండలు, వడగళ్లు డల్లాస్‌లో. భూకంప భయం, కార్చిచ్చు పొగ బే ఏరియాలో.

పిల్లలు చిన్నవాళ్లయితే నా ఓటు డల్లాస్‌కే. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీదున్నవారు మాత్రం ఆగి ఆలోచించాలి. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు; ఆ వెతుకులాటకు బే ఏరియానే మేలు.